పిలిచావుగా, ఇక చెప్పు

మేం పనిచేసిన ఎనిమిదంతస్తుల ఆఫీసులో లిఫ్టు మేస్త్రికి నేనొక అన్యాయం చేశాను. అదేమిటో చెప్పేముందు ఆయన జబ్బు చెప్పాలి. అది లేకపోతే నా అన్యాయం అంత సులువుగా చెల్లేది కాదు. ఆయన చెవిన పడేలా ఎవరైనా "దేవుడా" అన్నారో, అయిపోయారన్నమాటే! చేతిలో స్పానరు కిందపెట్టి, టోపీ తీసి, కళ్ళు మూసుకుని, "పిలిచావుగా, ఇక చెప్పు" అనేవాడు.

"ఏం చెప్పాలి మేస్త్రీ? ఊరికే అన్నాను."

"పెద్దాయన్ని కేకేసి, తీరా వచ్చాక ఊరికే పిలిచానంటావా? మీ మావగారినైతే అలా పిలుస్తావా?"

ఒకసారి నేను టీకి వెళ్ళొచ్చేలోపు మా మేనేజరే లిఫ్టులో నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఇరుక్కున్నాడు. లోపల్నుంచి "ఓ దేవుడా! ఓ ప్రభువా!" అని ఒకటే కేకలు. తలుపు సగం లాగిన మేస్త్రి టక్కున ఆగిపోయాడు.

"కానివ్వండి సార్."

"కానిచ్చేదేంటయ్యా? తలుపు తియ్యి!"

"నాక్కాదండి, ఆయనకి చెప్పండి. రెండుసార్లు పిలిచారు. మధ్యలో నేను అడ్డురాకూడదు."

మేనేజరు చెమటలు కక్కుతూ తన బీపీ గురించి, మాట వినని కూతురి గురించి, లోపలి ఉక్క గురించి, ఆఖరికి బాత్రూము అవసరం గురించీ ప్రార్థించాడు. "ఆమెన్" అన్నాకే తలుపు తెరుచుకుంది.

మేస్త్రి భార్య అయితే పాలు పొంగినా "అమ్మో" అనేదే తప్ప ఆ పేరెత్తేది కాదు. "ఎత్తానంటే పొయ్యి ముందే ప్రార్థన పెట్టిస్తాడు బాబూ. మిగిలిన పాలు కూడా పోతాయి" అనేది.

నేను లిఫ్టు నడిపేవాణ్ణి. రోజుకి రెండొందలసార్లు పైకి వెళ్ళినా బతుకులో ఒక్క మెట్టు ఎక్కని ఉద్యోగం. కాలేజీ గడప తొక్కలేదు గానీ, పాత పుస్తకాల బండి మీద దొరికిందల్లా లిఫ్టులో స్టూలు మీద కూర్చుని నమిలేసేవాణ్ణి. లోకం మొత్తం మీద కోపం, బెల్లు కొట్టేవాళ్ళ మీద ఇంకాస్త ఎక్కువ. ఒక మధ్యాహ్నం కథ మంచి పట్టులో ఉందని, ఏడో అంతస్తులో లిఫ్టు కదలకుండా ఒక లావుపాటి పుస్తకం తలుపుకి అడ్డంపెట్టి, ఇంకోటి చదువుకుంటున్నాను. మూసుకుందామని గింజుకుని గింజుకుని తలుపు మోటారు కాలిపోయింది. పొగ చూసి, అడ్డంపెట్టిన పుస్తకం అక్కడే వదిలేసి నేను మెట్లమీదుగా పరుగో పరుగు.

మేనేజరు మా ఇద్దర్నీ నిలబెట్టాడు. ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

"దేవుని తోడు సార్, నేను ముట్టుకోలేదు. మేస్త్రి గ్రీజు పెట్టలేదేమో" అన్నాను.

మేనేజరు మేస్త్రి వైపు తిరిగాడు. "పెట్టానని నువ్వూ ప్రమాణం చెయ్యి మరి."

"ఒక తలుపు కోసం ఆ పేరు ఎత్తను సార్. పెట్టాను. అంతే."

ప్రమాణం చేసినవాడే గెలిచాడు. ఇరవయ్యేళ్ళుగా లిఫ్టు చూసుకుంటున్న మేస్త్రిని సెల్లార్లో నీళ్ళ పంపుల దగ్గరికి దించేశారు. విచిత్రమేమిటంటే, నేను ఆ పేరెత్తినప్పుడు ఆయన "ఇక చెప్పు" అనలేదు. నా వైపు ఒక్కసారి చూశాడంతే. ఆ చూపు నెల్లాళ్ళు నాతోపాటే లిఫ్టెక్కి దిగింది.

ఆఖరికి సెల్లార్లోకి వెళ్ళాను. ఆయన ఒక పీటకి చక్రాలు బిగిస్తున్నాడు.

"ఎవరికి?"

"ఊడ్చే అక్కకి. మొన్న 'ప్రభువా, నా మోకాళ్ళు' అంది. పూర్తిగా చెప్పమంటే, వంగలేకపోతున్నానని చెప్పుకుంది."

అప్పుడు వెలిగింది నా బుర్ర. మేనేజరు ప్రార్థించిన మూడో రోజే లిఫ్టులో ఫ్యాను ఎలా వచ్చిందో! పేరెత్తినవాళ్ళ చేత కష్టమంతా చెప్పించి, తనకి చేతనైనంత చేసిపెడుతున్నాడీయన.

"వినాల్సింది పై ఆయన కదా, మీరెందుకు వింటారు?"

"పక్కనే ఉంటిని. చెవులు తీసి ఎక్కడ పెట్టుకోను?"

అంతలో గూట్లో నా లావుపాటి పుస్తకం కనబడింది. నలిగిన అట్టకి కొత్త గుడ్డ అంటించి, పైన ఇటుక బరువు పెట్టి ఉంది.

"దేవుడా! ఇది మీ దగ్గరే ఉందా?" అన్నాను, నోరుజారి.

స్పానరు కిందికి. టోపీ చేతిలోకి. కళ్ళు మూతపడ్డాయి. "పిలిచావుగా, ఇక చెప్పు."

చెప్పాను. తలుపు, పొగ, పరుగు, అబద్ధం, అన్నీ. "ఆమెన్" అన్నాక అడిగాను: "ఆ రోజే ఇది చూపించి ఉండొచ్చుగా మేస్త్రీ?"

"నువ్వు ఆ పేరెత్తేశావు. నేను పుస్తకం బయటపెడితే, నీతోపాటు ఆ పేరూ అబద్ధంలో ఇరుక్కునేది. ఇరుక్కున్నవాళ్ళని గబుక్కున లాగకూడదురా, మెల్లగా దించాలి. పై ఆయన విన్నాడు. ఇక మేనేజరు దగ్గరికి వెళ్ళు. ఆయనకి కాస్త గట్టిగా చెప్పాలి."

వెళ్ళి గట్టిగానే చెప్పాను. మేస్త్రి పైకొచ్చాడు, నా ఉద్యోగం పోయింది. పుస్తకాల బండివాడు తన దగ్గర పని ఇస్తానన్నాడు కాబట్టి పొయ్యి ఆరలేదు.

వెళ్ళిపోయే రోజు నన్ను దించడానికి మేస్త్రే లిఫ్టెక్కాడు. మూడో అంతస్తు దాటగానే కరెంటు పోయి, లిఫ్టు కుదుపుతో ఆగింది.

"దేవుడా!" అన్నాను.

చీకట్లో టోపీ తీసిన చప్పుడు.

"కష్టమేం లేదు మేస్త్రీ. ఈసారి థాంక్స్ చెప్దామని పిలిచాను."

"అయితే నింపాదిగా చెప్పుకో" అన్నాడాయన. "లిఫ్టు ఎలాగూ ఆగే ఉంది."