నడుము లేని గౌను

నా చిన్నప్పుడు, మస్కట్‌లో ఐదో తరగతి చదువుతుండగా, ఆడవాళ్ల నడుము అసలు ఎక్కడుంటుందన్న విషయంలో నాకు పెద్ద గందరగోళం వచ్చిపడింది. దానికి కారణం మా స్కూలు నాటకం. రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు దొరసానుల కథ అది. నాది దొరసాని చెల్లెలి వేషం, చెప్పాల్సింది మూడంటే మూడు మాటలు. అయినా అదే నాకు లోకం. అచ్చం ఇలాంటి గౌను కుట్టించుకోమని టీచరు ఒక బొమ్మ ఇచ్చింది. అందులో దొరసానికి నడుము పట్టీ గుండెల కిందే ఉంది. అక్కణ్ణించి పాదాల దాకా పల్చటి తెల్లబట్ట నిలువునా జారింది. మంచు కురిసే దేశంలో అంత పల్చటి బట్ట ఎందుకు వేసుకున్నారో, నడుముని అంత పైకి ఎందుకు తీసుకుపోయారో నాకు అంతుపట్టలేదు.

కుట్టే పని కడప అత్త తీసుకుంది. ఆవిడ కడప నుంచి వచ్చి మా పక్కనున్న అరబ్బుల ఇంట్లో పనిచేసేది. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు వదిలితే మా ఇంటికొచ్చి, అమ్మ కుట్టుమిషను మీద ఊళ్లో ఉన్న తన కూతురికి గౌన్లు కుట్టుకునేది. ఆ పిల్లది నా ఈడే కాబట్టి నన్నే నిలబెట్టి కొలతలు తీసుకునేది. బొమ్మ చూసి పకపకా నవ్వింది.

"ఏంది పాపా, నడుము యాడుండాదో తెలీకుండానే గీసినారే!"

గీసినవాళ్ల తప్పు తనే దిద్ది, నడుముని నడుము దగ్గరే పెట్టింది. పెరిగే పిల్లనని అడుగున జానెడు బట్ట లోపలికి మడిచి కుట్టింది. శనివారం అది చూసి టీచరు తల పట్టుకుంది. వారంలోగా సరిచేయించకపోతే వేషం ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తానంది.

వారమంతా ఏడ్చాను. శుక్రవారం అత్త గుమ్మంలోకి రాగానే, నీకు కుట్టడమే రాదంటూ గౌను ఆవిడ మీదకి విసిరాను. అమ్మ చెయ్యెత్తింది. అత్తే ఆపింది.

కింద పడ్డ గౌను తీసి కుట్లు విప్పి, నడుముని గుండెల కిందికి జరిపింది. నాకు తొడిగితే గౌను పిక్కల దాకా లేచిపోయింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అత్త అడుగు మడత విప్పేసరికి బట్ట మళ్లీ పాదాల మీదికి దిగింది. వేషం నాకే దక్కింది.

అప్పుడు అత్త నన్ను అటూ ఇటూ తిప్పి, నడుము దగ్గర వదులుగా ఉన్న బట్టని వేళ్లతో పట్టి చూసి, ఆ బొమ్మ తనకిమ్మంది. కూతురికీ అలాంటిదే కుడుతుందట. మొన్న వెక్కిరించిన గౌను ఇవాళ ఎందుకు కావాల్సివచ్చిందో నాకు బోధపడలేదు. వాళ్ల స్కూల్లోనూ నాటకముందా అని అడిగాను.

"నాటకమూ లేదు, ఏమీ లేదు పాపా. బిడ్డను సూసి ఐదేండ్లాయ. ఏది కుట్టి పంపినా నడుము కాడ సరిపోలేదనే జాబు రాస్తాండారు. ఇదైతే కొలత తెలీకపోయినా సరిపోతాదిలే."

నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకు సరిపోయే కొలతలు ఆ పిల్లకెందుకు సరిపోలేదా అని మాత్రమే ఆలోచించాను. ఆ మాట అర్థం కావడానికి నాకూ ఒక కూతురు పుట్టాల్సి వచ్చింది.

గౌను విసిరిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎవరి పిల్లకైనా బట్టలు పెట్టాల్సి వస్తే ముందు ఆ తల్లికి ఫోన్ చేసి కొలతలు అడుగుతాను. ఆవిడ తడుముకోకుండా చెప్పిందంటే నా మనసు కుదుటపడుతుంది.