కామా టీచరు, టింబరి పాఠం

నాలుగో తరగతి టీచరుకు అమ్మానాన్నలు పెట్టిన పేరు బడిలో ఎవరికీ గుర్తులేదు. పిల్లలకు ఆవిడ కామా టీచరు. పాఠం చదువుతూ ఎవరైనా కామా దగ్గర ఆగకుండా దూసుకుపోతే, బల్ల మీద వేలితో టక్కున కొట్టి, "అక్కడ కామా ఉంది. కాస్త ఊపిరి పీల్చుకో నాన్నా, నిన్నెవరూ తరమడం లేదు" అనేది.

ఈ ఉద్యోగానికి ముందు ఆవిడ బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చదివేది. చదువుతూ ఆగాల్సిన చోట ఆగకపోతే జనం ఒక బస్సు ఎక్కబోయి ఇంకో బస్సు ఎక్కుతారని అక్కడే తెలిసొచ్చింది. ఆ పని చేస్తూనే చదువుకుని, ట్రైనింగు పూర్తిచేసి, ముప్పై దాటాక బడిలో అడుగుపెట్టింది. ఆలస్యంగా దొరికింది కాబట్టో ఏమో, ఆవిడకు ఈ ఉద్యోగమంటే ప్రాణం.

ఏడాది పరీక్షలు దగ్గరపడ్డాయి. తరగతిలో రోజూ పునశ్చరణే. పొద్దున వ్యాకరణం, మధ్యాహ్నం పేరా చదివి జవాబులు రాయడం. అన్నింట్లోనూ ముందుండేవాడు గడగడ. పేరుకు తగ్గట్టే చదువుతాడు, ప్రశ్న పూర్తయ్యేలోపే చెయ్యెత్తుతాడు. అందరికన్నా వెనక ఉండేది కిటికీ పక్కన కూర్చునే నిదానం. ఆ పిల్ల పేపరు ఎప్పుడూ సగం ఖాళీయే.

ఆ రోజు చీమల మీద పేరా. "చీమలు ఆహారాన్ని ఎలా వాడుకుంటాయి?" అని టీచరు అడిగింది.

"పొదుపుగా వాడుకుంటాయి టీచర్!" అన్నాడు గడగడ.

"శభాష్. పొదుపుగా అంటే?"

"పొదుపుగా అంటే... పొదుపుగానే టీచర్."

"అదే, ఏంటది?"

వాడు పుస్తకంలో వేలుపెట్టి ధీమాగా చూపించాడు. "రెండో లైన్లో ఉంది టీచర్!"

టీచరుకు నవ్వొచ్చింది. ఇంటికి వెళ్లే దారిలో ఆ నవ్వు కాస్తా అనుమానమైంది. వీళ్లు చదువుతున్నారా, ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని దించేస్తున్నారా?

సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక పేరా రాసింది. ఎలక్ట్రీషియను పని ముగించుకుని వచ్చిన భర్త, చేతులు తుడుచుకుంటూ పైకి చదివాడు. "ఒక టింబరి నిన్న గుల్లికలో పప్పరాలను డొంబించింది. అది చూసి బుడకలు లిటలిటలాడాయి. ఇదేం భాషే బాబూ?"

"ముందు జవాబులు చెప్పండి. టింబరి వేటిని డొంబించింది?"

"పప్పరాలను."

"ఎక్కడ?"

"గుల్లికలో."

"బుడకలు ఏం చేశాయి?"

"లిటలిటలాడాయి. అన్నీ కరెక్టేనా?"

"అన్నీ కరెక్టే. ఏమైనా అర్థమైందా?"

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!" అన్నాడాయన. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

మర్నాడు ఆ పేరానే తరగతిలో ఇచ్చింది. గడగడ చిటికెలో ముగించాడు. తక్కిన వాళ్లు ఒకరి వెనుక ఒకరు పేపర్లు తెచ్చిచ్చారు. అన్నీ సరైన జవాబులే. నిదానం పేపరు మాత్రం ఖాళీగా ఉంది. అడుగున ముద్దుముద్దు అక్షరాలతో ఒక్క మాట రాసింది: "టింబరి అంటే ఏమిటి? తెలిస్తే రాస్తాను."

టీచరు ఆ మాటను మళ్లీ చదువుకుంది. ఏడాదంతా ఈ పిల్లను తొందర తొందర అంటూ తరిమింది తనే. అర్థంకాని మాట దగ్గర ఆగిపోతోందన్న సంగతి తట్టనే లేదు.

"పిల్లలూ, ఈ మాటలకు అసలు అర్థమే లేదు. నేనే కల్పించాను" అని చెప్పింది. తరగతి గొల్లున నవ్వింది.

"మరి మాకు జవాబులెలా వచ్చాయి టీచర్?" గడగడ మొహం చిన్నబోయింది.

"ఎవరు చేశారు, వేటిని చేశారు, ఎక్కడ చేశారు, అన్నీ పట్టేశారుగా? మాటల చివర 'ను' చూశారు, 'లో' చూశారు. అంటే వ్యాకరణం మీకు బాగా వచ్చినట్టే. ఇక అర్థం సంగతి చూద్దాం."

బోర్డు మీద ఇంకో పేరా రాసింది: "తాతయ్య గొడుగు తీసుకున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. గొడుగును మళ్లీ మూలన పెట్టేశాడు. చెప్పులు వేసుకుని, గేటు తీసి వెళ్లాడు."

"వాన పడుతోందా?"

అందరూ బోర్డంతా గాలించారు. "అందులో వాన అనే మాటే లేదు టీచర్!"

కాసేపటికి కిటికీ పక్క నుంచి సన్నని గొంతు వినిపించింది. "వాన ఆగిపోయింది టీచర్. అందుకే గొడుగు పెట్టేశాడు."

"లేదు టీచర్," గడగడ లేచాడు. "పెద్ద వానేమో! గొడుగు ఆగదని ఇంట్లోనే ఉండిపోయాడేమో!"

టీచరుకు ఒళ్లు పులకరించింది. పేరాలో లేని సంగతిని వాడు సొంతంగా ఆలోచించడం అదే మొదటిసారి. "వాడన్నదీ బాగానే ఉంది. ఏమంటావు తల్లీ?"

నిదానం తాపీగా బోర్డంతా మళ్లీ చదివింది. "చెప్పులు వేసుకుని వెళ్లాడుగా! ఇంట్లో ఎక్కడున్నాడు?"

గడగడ బోర్డుకేసి చూశాడు, తల గోక్కున్నాడు. "అవును కదా!" అని కూర్చున్నాడు. ఓడిపోయానన్న బాధ లేదు సరికదా, ఏదో తమాషా దొరికినట్టు నవ్వాడు.

ఆ రోజు నుంచి పునశ్చరణ తీరు మారింది. జవాబు రాసే ముందు పేరాలో ఏం జరిగిందో సొంత మాటల్లో పక్కవాళ్లకు చెప్పాలి. తెలియని మాట దగ్గర చెయ్యెత్తాలి. మొదట్లో గోలగోలగా ఉండేది. హెడ్మాస్టరు రెండుసార్లు తలుపులోంచి తొంగిచూసి, "అమ్మా, ఇక్కడ చదువే జరుగుతోందా?" అని అడిగి వెళ్లారు.

పరీక్షలయ్యాయి. గడగడకు ఎప్పటికన్నా రెండు మార్కులు తగ్గాయి. ఆలోచిస్తూ కూర్చుంటే టైమైపోయిందట. నిదానం కూడా ఆఖరి ప్రశ్న దాకా రాలేకపోయింది. కానీ రాసినంత మేరా ఒక్క తప్పు లేదు. పేపరు తీసుకున్నప్పుడు ఆ పిల్ల మార్కులు చూసుకోలేదు. మిగిలిపోయిన ప్రశ్నకు జవాబు నోటితో చెప్పొచ్చా అని అడిగింది. టీచరు కుర్చీ దగ్గరికి లాక్కుని వినడానికి కూర్చుంది.

సెలవుల ముందు హెడ్మాస్టరు గదికి వెళ్లి, వచ్చే ఏడాది ఈ పిల్లలతోపాటే తననూ ఐదో తరగతికి పంపమని అడిగింది. ఆయన గడ్డం నిమురుకుంటూ సరేనన్నారు. ఆవిడ సంచి భుజాన వేసుకుని, ఎండలో హాయిగా ఇంటిదారి పట్టింది.