కంప్యూటర్‌లో లేదంటే భూమే లేదన్నారు

రెండు వేల ఎనిమిది, వానలు పట్టుకున్న నెల. అరకు దాటి జీపులో ఇంకో గంటన్నర కొండెక్కితే వచ్చే ఒక ఏజెన్సీ ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. టైపిస్టుగా చేరినదాన్ని. కంప్యూటర్ వచ్చాక అదీ నా నెత్తినే పడింది. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, మౌస్ కదలకపోయినా అందరూ నా బల్ల దగ్గరికే వచ్చేవారు. బాగుచేసే మనిషి విశాఖపట్నం నుంచి రావాలి, ఘాట్ రోడ్డు మీద బండరాయి పడిందంటే ఆ వారం రాడు. అలా చూసీ చూసీ నాకు చిన్నాచితకా రిపేర్లు చాలానే పట్టుబడ్డాయి. అన్నీ మర్చిపోయాను గానీ ఈ ఒక్కటి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది.

ఆ ఏడాది పోడు భూములకి పట్టాలిచ్చే పని జోరుగా సాగుతోంది. కొండవాలు కొట్టి సాగు చేసుకునే భూమిని పోడు అంటారు. తాతల నాటి నుంచి చేస్తున్నా చేతిలో కాగితం ఉండదు. జనం బుధవారం సంతకి దిగినప్పుడే ఆఫీసుకీ వచ్చి దరఖాస్తు ఇచ్చేవారు. సంతరోజు వరండా నిండిపోయేది. రసీదు రాసిచ్చే తీరిక లేదని, కంప్యూటర్‌లో ఎక్కిస్తాం, ఎక్కడికీ పోదు అని చెప్పి పంపేసేవాళ్లం. ఆ మాట నా నోటితోనే ఎంతమందికి చెప్పానో. ఒక్కో దరఖాస్తునీ ఒక్కో ఫైలుగా టైపు చేసి, ఫైలుకి ఆ రోజు తేదీ, వరస నంబరు మాత్రమే పేరుగా పెట్టేవాళ్లం. అసలు కాగితాలు కట్టలు కట్టి కింద డివిజన్ ఆఫీసుకి పంపేశాం. కాబట్టి ఫలానా మనిషి దరఖాస్తు ఉందా లేదా అంటే కంప్యూటర్‌నే అడగాలి.

అడగడానికి అందులో డెస్క్‌టాప్ సెర్చ్ అనే ప్రోగ్రాం ఉండేది. శివరాత్రి ముందు విశాఖ టెక్నీషియన్ వచ్చి వేసి వెళ్లాడు. ఒక పెట్టెలో పేరు కొడితే ఆ పేరున్న ఫైళ్లన్నీ కిందకి వరసగా వచ్చేస్తాయి. మా సూపరింటెండెంటుగారికి అది తెగ నచ్చేసింది. ఆయన సాలూరు నుంచి బదిలీ మీద కొండెక్కిన మనిషి, ఎప్పుడు దిగిపోదామా అని చూస్తుండేవారు. పేరు కొట్టండి, వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు అని రూలు పెట్టేశారు. లేనివాళ్లకి ఇవ్వడానికి ఒక చీటీ కూడా ముద్రించారు: 'రికార్డులో లేదు'. దాని కింద పొట్టి సంతకం నాది. అది దాచుకోవలసిన పని లేదు.

ఒక బుధవారం గురుబారి వచ్చింది. గురువారం పుట్టిన ఆడపిల్లకి ఆ కొండల్లో పెట్టే పేరది. నలభై దాటి ఉంటాయి, మొగుడు పోయాడు. ఎకరన్నర వాలులో కాఫీ, కాస్త మిరియం, గట్టు మీద చోళ్లు, అంటే రాగులు. పట్టాల జాబితా ఆ వచ్చే సోమవారం కిందకి వెళ్తుంది. అందులో పేరు లేకపోతే ఆ చేనికి ఈమె ఎవరూ కాదు. మరిది అప్పటికే చేను నాదేనంటూ కంచె కర్రలు తెచ్చి గట్టు మీద పడేశాడట.

పేరు కొట్టాను, ఊరు కొట్టాను. ఏమీ దొరకలేదని వచ్చింది. లేదమ్మా అన్నాను.

"లేదంటే ఏటి? నాను ఇచ్చినాను కదా. నువ్వే నా ఏలు పట్టుకుని ముద్ర ఏయించినావు. సిరా తుడుసుకోడానికి గుడ్డ కూడా నువ్వే ఇచ్చినావు."

లోపల గదిలోంచి సూపరింటెండెంటుగారు వింటున్నారు. "ఏటి సత్యవతమ్మా, కంప్యూటర్ లేదంతంటే మళ్లీ మాటలేటి? చీటీ ఇచ్చీండి. వెనకాల లైనుంది."

ఇచ్చాను. గురుబారి చీటీని అటూ ఇటూ తిప్పి చూసి నా బల్ల మీదే పెట్టేసింది. ఈ కాయితం నాకొద్దు, నాను ఇచ్చిన కాయితం చూపించు అంది. వెళ్లి వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. సంత లేచిపోతున్నా కదల్లేదు.

అన్నం డబ్బా మూత పెట్టేసి ఆమె దగ్గరికి వెళ్లి, ఏ రోజు ఇచ్చావో గుర్తుందా అని అడిగాను. తేదీలు ఆమెకేం తెలుసు. ఇటుకల పండగకి ముందు సంత అంది. చైత్రంలో చేసుకునే పండగ అది, ఊరికో రోజు చేస్తారు. దాంతో తేదీ తేలదు. ఇంకేమైనా జ్ఞాపకం ఉందా అంటే, ఆ రోజు గాలివాన కొట్టి సంత బేగి లేచిపోయిందనీ, ఆఫీసు రేకొకటి ఎగిరి జీపు మీద పడిందనీ చెప్పింది. అప్పుడు నాకు తెలిసింది. ఆ రేకు గురించి పై ఆఫీసుకి ఉత్తరం టైపు చేసింది నేనే. తేదీ దొరికింది.

సెర్చ్‌ని పక్కన పెట్టి, ఫోల్డర్ తెరిచి, ఆ బుధవారం తేదీతో ఉన్న ఫైళ్లు ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోయాను. యాభై ఫైళ్లు దాటాక కనపడింది. గురుబారి, మొగుడి పేరు, ఊరి పేరు, తూర్పున గెడ్డవాగు, పడమర పనసచెట్టు, ఎకరన్నర. సెర్చ్ పెట్టెలో నేను కొట్టినదానికీ ఇందులో ఉన్నదానికీ అక్షరం తేడా లేదు. ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె చదవలేదు, కానీ మడిచి రవికలో దోపుకుంది.

సూపరింటెండెంటుగారికి చెప్తే, దొరికింది కదా, ఆవిడ పేరు కలిపేసి ఊరుకోండి అన్నారు. నాకు అక్కడే మండింది. ఉన్న మనిషిని లేదన్న మెషీను ఇంకెంతమందిని లేదందో చూడొద్దా? ఆయనకి ఆ ప్రశ్నే పుట్టలేదు.

గురువారం పొద్దున్నే మొదలుపెట్టాను. ఇక్కడ కొంచెం చెప్పాలి. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో రాసిన పట్టిక ఉంటుంది కదా, సెర్చ్ ప్రోగ్రాం కూడా ముందుగా అలాంటి పట్టిక తయారుచేసుకుంటుంది. దాన్నే ఇండెక్సింగ్ అంటారు. మనం పేరు కొట్టినప్పుడు అది ఫైళ్లు తెరిచి వెతకదు, తన పట్టిక చూసి చెప్తుంది. పట్టికలో ఎక్కని ఫైలు ఎదురుగా ఉన్నా దానికి లేనట్టే. ఇంత సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

మా ఫోల్డర్‌ని పట్టికలో చేర్చారా అని ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో చూశాను, చేర్చారు. మేం టైపు చేసే రకం ఫైళ్లకి టిక్కు ఉందా అని చూశాను, ఉంది. అప్పుడు నాకు తెలిసిన పేర్లు కొట్టి చూశాను. శివరాత్రి ముందువి టకటకా వచ్చాయి. తర్వాతవి అక్కడొకటి ఇక్కడొకటి, మిగతావి లేవు. ఆఫీసు ఫోన్లో విశాఖ టెక్నీషియన్‌ని పట్టుకున్నాను. నేను సగం చెప్పకుండానే "రీబిల్డ్ కొట్టండి మేడమ్" అని పెట్టేశాడు. రీబిల్డ్ అంటే పాత పట్టిక చింపేసి మొదటి నుంచి రాయించడం. కొట్టాను. కొడితే అంతకుముందు దొరికినవీ మాయమయ్యాయి. మళ్లీ ఫోన్ చేస్తే టైమ్ పడుతుంది, అలా వదిలేయండి అన్నాడు. ఎంత టైమో చెప్పడు, ఎలా వదలాలో చెప్పడు.

ఎన్ని ఫైళ్లు పట్టికలోకి ఎక్కాయో ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లోనే ఒక లెక్క కనిపిస్తుంది, శుక్రవారం మధ్యాహ్నానికి అది పదుల్లోనే ఉంది. కళ్లజోడు సవరించుకుని తెర మీద అక్కడున్న ప్రతి అక్షరం చదివాను. లెక్క కింద సన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఎవరో కంప్యూటర్ వాడుతున్నారు కాబట్టి ఇండెక్సింగ్ నెమ్మదించింది అని దాని అర్థం.

అది చదివాక నాకు మొత్తం అర్థమైంది. మనం టైపు చేసుకునేటప్పుడు మెషీను బరువెక్కకూడదని ఆ ప్రోగ్రాం తప్పుకుంటుంది. మనం లేచాక, మెషీను ఖాళీగా ఉన్నప్పుడు తన పట్టిక రాసుకుంటుంది. మా ఆఫీసులో మెషీను ఖాళీగా ఉన్నదెప్పుడు? ముందు ఏడాది పిడుగు పడి మోడెమ్ కాలిపోయింది. అప్పటినుంచి సూపరింటెండెంటుగారి ఆర్డరు, ముందు మనిషి లేకపోతే స్విచ్ కట్టేసి, పైన గుడ్డ కప్పాలని. టీకి లేచినా అంతే. ఆ గుడ్డ నా పాత చీర చింపి నేనే కుట్టాను, అంచు కూడా వేశాను. ఐదు నెలలపాటు దాని ముందు మనిషైనా ఉన్నాడు, పైన గుడ్డైనా ఉంది. శివరాత్రి ముందువి ఎందుకు దొరికాయంటే, ఆ టెక్నీషియన్ ప్రోగ్రాం వేసి, మెషీను అలాగే వదిలేసి, పగలంతా బొర్రా గుహలు చూసొచ్చాడు. ఐదు నెలల్లో అది సుఖంగా పని చేసింది ఆ ఒక్కరోజే.

శని, ఆదివారాలు ఎవరూ ముట్టుకోకుండా మెషీను వేసి ఉంచాలని సూపరింటెండెంటుగారిని అడిగాను.

"పని లేకుండా వెలుగుతాదా? పైనుంచి ఎవరైనా వచ్చి చూస్తే ఏటంటారు?"

"మనిషి పని చెయ్యనప్పుడే అది పని చేస్తుందండి."

"పిడుగు పడితే?"

"నేను జవాబు చెప్పుకుంటాను. రాసిమ్మంటారా?"

రాసిమ్మన్నారు. ఈ మాట ఇలాగే రాయవే గుంటా, ఒక్క ముక్క మార్చకు. మనిషిని పట్టుకుని నీ భూమి రికార్డులో లేదనడానికి ఎవరి దగ్గరా ఏ హామీ అక్కర్లేకపోయింది. ఒక స్విచ్ రెండు రోజులు వేసి ఉంచడానికి మాత్రం నా చేత తెల్లకాగితం మీద రాయించుకున్నారు.

శనివారం టిఫిన్ డబ్బా తెచ్చుకుని, మెషీనుకి వీపు పెట్టి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గంటకోసారి మెడ తిప్పి లెక్క చూడటం తప్ప చెయ్యి పెట్టలేదు. పదకొండింటికి సూపరింటెండెంటుగారు వచ్చి, నడుస్తోందా లేదా అంటూ మౌస్ పట్టుకుని ఊపారు. లెక్క ఆగిపోయింది. చెయ్యి తియ్యండి సార్ అన్నాను. ఇరవై ఏళ్ల సర్వీసులో పై అధికారితో నేనలా మాట్లాడటం అదే మొదలు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లిపోయారు. కరెంటు రెండుసార్లు పోయింది, యూపీఎస్ మోసింది. ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి ఆ సన్న వాక్యం మారింది. ఇండెక్సింగ్ పూర్తయింది అంది.

సోమవారం మా చీటీల కార్బన్ కాపీలు ముందేసుకుని ఒక్కో పేరూ కొట్టాను. నలభై ఒక్క చీటీలు. ముప్పై ఎనిమిది మంది దరఖాస్తులు కళ్ల ముందుకి వచ్చాయి. అన్నీ మా ఆఫీసులో మేం తీసుకున్నవి, మేం టైపు చేసినవి.

అనుబంధ జాబితా తయారుచేసి తీసుకెళ్తే సూపరింటెండెంటుగారు కలం మూసేశారు. "ఒక్కసారి ముప్పై ఎనిమిది మందంటే తప్పు మనదేనని రాసిచ్చినట్టు అయిపోద్ది. ఆ గురుబారి ఒక్కర్తినీ పంపీండి. మిగతావోలు వస్తే చూద్దాం."

"చీటీ పట్టుకుని వెళ్లినవాళ్లు మళ్లీ ఎందుకొస్తారండి? లేదన్నది మనం. ఈ జాబితా వెళ్లకపోతే చీటీల కాపీలూ ఫైళ్ల ప్రింట్లూ కలిపి కిందకి నేనే పట్టుకెళ్తాను. సంతకం నాదే కదా, ముందు నన్నే అడుగుతారు."

ఆయన కిటికీలోంచి జీపు వైపు చూశారు. తర్వాత కలం మూత తీసి సంతకం పెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు నాతో ముక్తసరిగానే ఉన్నారు.

ముప్పై ఎనిమిది మందికీ ఊళ్లలో కబుర్లు మోసే బారికిలతో కబురు పెట్టించాను. గురుబారికి తర్వాతి ఏడాది పట్టా వచ్చింది. మరిది కంచె కర్రలు పొయ్యిలో పెట్టుకున్నానని చెప్పి నవ్వింది.

కబురందిన బుధవారం సుక్రు అనే ముసలాయన కూడా వచ్చాడు. మూడు వారాల కిందట నేనిచ్చిన చీటీ నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు. నీ పేరుంది తాతా, జాబితాలో పంపించాం అని చెప్పాను. ఆయన సంతోషపడలేదు. భూమి లేదన్నారు కదా అని, మూడేళ్లు పెంచిన కాఫీ మొక్కలు ఒక్కటీ వదలకుండా పెరికి, అల్లుడి చేలోకి మోసుకెళ్లి నాటాడట. ఆ వయసు మొక్క పెరికితే బతుకుతుందా? పదో పన్నెండో మిగిలాయన్నాడు.

కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడలేదు. నాకే ఏదో చెప్పుకోవాలనిపించి, కంప్యూటర్ సరిగ్గా వెతకలేదు తాతా అన్నాను.

"మరి నువ్వెతికినావా అమ్మా?" అన్నాడు.

టెక్నీషియన్ మీద, సూపరింటెండెంటు మీద, ఆ గుడ్డ మీద నేను పడ్డ కోపమంతా నిజమే. కానీ సంతకం నాది. ఆ వారంలోనే ముద్రించిన చీటీల కట్ట బల్ల సొరుగులోంచి తీసి, వెనకవైపు తెల్లగా ఉంది కదా అని రఫ్ కాగితంగా వాడేశాను. రిటైరయ్యే దాకా 'లేదు' అన్న మాట కింద మళ్లీ సంతకం పెట్టలేదు. ఎవరి కాగితమైనా దొరక్కపోతే, ఎక్కడెక్కడ వెతికానో, ఎక్కడ ఇంకా వెతకలేదో, మళ్లీ ఏ సంతకి రావాలో నా చేత్తో రాసిచ్చేదాన్ని. సంతరోజు లైను పెరిగేది. పెరగనిచ్చేదాన్ని.