ఎర్ర ఇంటూ

అమెరికాలో, ఇర్వింగ్‌లో మా పక్క అపార్ట్‌మెంట్ ముసలాయనంటే మొదట్లో నాకు ఒళ్ళు మంట. పార్కింగ్‌లో ఎవరి కారు కింద ఆయిల్ చుక్క కనిపించినా, ముందు అద్దం మీద ఎర్ర చాక్‌పీస్‌తో పెద్ద ఇంటూ మార్కు పెట్టేవాడు. ఒక పొద్దున ఆఫీస్‌కి లేటవుతుంటే నా కారు మీదా పెట్టాడు. తిట్టుకుంటూ తుడవబోయాను. చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ముందు ఇంజన్ చూపించుకో. తర్వాత తుడుచుకో."

కారణం ఆ రోజే చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన బాంబర్ విమానాల మెకానిక్. ట్రైనింగ్‌కి వెళ్ళాల్సిన ఒక విమానంలో ఆయిల్ కారుతోందని, అది ఎగరకూడదని లాగ్‌బుక్‌లో ఎర్ర పెన్సిల్‌తో ఇంటూ పెట్టాడట. ట్రైనింగ్ గంటలు పూర్తి కావాలంటూ ఆఫీసర్ దాన్ని రబ్బరుతో చెరిపేశాడు. విమానం ఒక పొలంలో కూలి, ఎనిమిది మంది కుర్రాళ్ళు కాలిపోయారు. తప్పు పైలట్‌దని రాసి ఫైలు మూసేశారు. చచ్చినవాడు ఎదురు చెప్పలేడు కదా! తలుచుకుంటే విన్న నాకే ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది.

రెండేళ్ళ తర్వాత ఆ పొలంలో స్మారక శిల ఆవిష్కరణకి ఆయన్ని నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. రాయి మీద ఎనిమిది పేర్లు, పైన 'ప్రమాదంలో అమరులైన వీరులు' అని ఒక లైను. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఈయన జేబులోంచి చాక్‌పీస్ తీసి, 'ప్రమాదం' అన్న మాట మీద ఇంటూ కొట్టాడు. నిర్వాహకుడు కంగారుగా రుమాలు తీశాడు.

"చెరుపు! ఆ రోజూ ఇలాగే చెరిపారు!" అని అరిచాడు ముసలాయన.

నిర్వాహకుడి చెయ్యి ఈసారి నేను పట్టుకున్నాను.