తైవానామె మెట్లు దిగింది

మా దుకాణానికొచ్చిన మొదటి విదేశీ బేరాన్ని, ఎవరి సాయమూ లేకుండా నేనొక్కణ్ణే ముంచబోయిన వైనం ఇది. చివర్లో నన్ను మెచ్చుకునే ఘట్టమేదో ఉంటుందని ఆశపడకండి.

తైవాన్‌తో వ్యాపారం పెంచాలని మన రాష్ట్ర ప్రభుత్వం అక్కడి వ్యాపారులను పిలిపించి దుకాణాలు చూపిస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో మొదటి అంతస్తులో ఉన్న మా పోచంపల్లి బట్టల దుకాణానికీ ఒకామెను తీసుకొచ్చారు. వెంట దుబాసీగా ఒక ఆఫీసర్ మేడమ్. ఆర్డరొస్తే ఊళ్ళో మా చిన్నాయన ఇంట్లో ఆగిపోయిన మగ్గాలు మళ్ళీ ఆడతాయి. ఆ ఆలోచనతోనే నాయినకు నిద్ర పట్టడం మానేసింది.

నాయిన ధర చెప్పాడు. మేడమ్ ఆమె భాషలో చెప్పింది. తైవానామె తలూపింది, లేచింది, మెట్లు దిగింది.

మా బజారు నీతి మీకు తెలిసిందే. గిరాకీ లేచి నడిచిందంటే పోతున్నట్టు కాదు, పిలవమన్నట్టు.

"నాయినా, పిలువు."

"జర ఆగురా."

ఆగితే నేను నేనెందుకవుతాను? ఉరికాను.

"మేడమ్, జర తగ్గిస్తం అని చెప్పుండ్రి." ఇది మెట్ల మీద.

"పావు వంతు తీసేస్తం." ఇది ఫుట్‌పాత్ మీద.

మెట్రో పిల్లర్ దగ్గరికొచ్చేసరికి సగం ధరకు దిగాను. ఎల్‌బీ నగర్‌లో విజయవాడ బస్సుకు జనాన్ని పిలిచేవాళ్ళు కూడా నా గొంతు విని సిగ్గుపడేవాళ్ళు.

తైవానామె ఆగి మేడమ్‌తో ఏదో అంది.

"ఏమంటుంది మేడమ్? ఇంకా తగ్గాల్నా?"

"ఆవిడ మొదటి ధరకే ఒప్పుకున్నారు బాబూ. రంగు ఎండలో ఎలా ఉంటుందో చూద్దామని కిందికొచ్చారు. మీరింతలా తగ్గిస్తుంటే ఇప్పుడు అనుమానమొచ్చింది, ఉతికితే రంగు పోతుందా అని అడుగుతున్నారు."

అప్పుడు చూశాను, ఆమె చేతిలో మా బట్ట. ఇంతసేపూ నేను ఆమె కాళ్ళనే చూశాను. పిలిచి పిల్లనిస్తామంటే వంక వెతికినట్టు, పిలిచి ధర తగ్గిస్తే మరేమనుకుంటారు?

నా వెనకే దిగొచ్చిన నాయిన ఆ ప్రశ్న విన్నాడు. దుకాణంలోంచి బకెట్ నీళ్ళు తెచ్చి, అందరి ముందే ఆ బట్టను ముంచి, పిసికి, పిండాడు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. రంగు పోయింది నా మొహంలోనే.

తైవానామె నవ్వి, మొదటి ధరకే ఆర్డరిచ్చింది.

వాళ్ళ కారు కదిలాక నాయిన బకెట్ నా చేతికిచ్చాడు. "నయం, గామె ఈడనే ఆగింది. మూసారాంబాగ్ దాకా నడిస్తే దుకాణం తాళంచెవి గూడ ఇచ్చెటోనివి."

ఆ సాయంత్రమే కర్మన్‌ఘాట్ హనుమంతుడి ముందు చెంపలేసుకుని ఒట్టేశాను: ఇకమీద లేచిన గిరాకీని పిలవను. దుకాణానికి నిప్పంటుకుని, వాళ్ళు డబ్బు కట్టకుండా పరుగెత్తినా సరే, పిలవను.