వినమని అడిగే కాగితం

ఈ సాయంత్రం పాప చింపిన బొమ్మల పుస్తకం కుడదామని దారానికి మైనం రాస్తుంటే, ఆ వాసనకు రాజేశ్వరి మేడమ్ గుర్తొచ్చారు. చిత్తూరులో నేను జూనియర్ లాయరుగా చేరింది ఆమె దగ్గరే. కేసు కట్టలను మైనం రాసిన దారంతో, దబ్బనంతో ఆమే స్వయంగా కుట్టేవారు. కుట్టేముందు కక్షిదారును ఎదురుగా కూర్చోబెట్టి, అందులో రాసిందంతా తెలుగులో చెప్పాల్సిందే. వాళ్లు తలూపితేనే దారం పడేది.

నేను చేరిన ఏడాదే నగరి నుంచి మునెమ్మ వచ్చింది. ఆమె మరమగ్గాల షెడ్డుకు పోయే సందు నాదంటే నాదని పక్కింటి అన్నదమ్ములు కోర్టుకెక్కారు. అది అన్నకే చెందుతుందని తీర్పొచ్చింది. సందు మూసేందుకు అతను ఇటుకలు దింపాడు. ఆ దావాలో మునెమ్మ పేరే లేదు.

"నన్నెవురూ పిలవలేదు, అడగలేదు. గోడ మాత్రం నా మొగం మింద కడతాండారు," అంది.

అప్పీలు రాసే పని మేడమ్ నాకిచ్చారు. గొప్పగా రాశాననుకుని దాఖలు చేశాను. వారంలో కోర్టు నుంచి కట్ట తిరిగొచ్చింది. దావాలో లేని మనిషి అప్పీలు చేయాలంటే, అనుమతి కోరుతూ వేరే పిటిషన్ కూడా పెట్టాలి. నేనది పెట్టనేలేదు. నగరిలో ఇటుకలు దిగే ఉన్నాయి. మునెమ్మ అక్కడే ఉంది. "తప్పు మా ఆఫీసుది మునెమ్మా, మళ్లీ పెడతాం," అన్నారు మేడమ్, నా వైపు చూడకుండా.

ఆమె వెళ్లాకే అడిగారు. "ఏమ్మే, పరాయోళ్లింటికి పోతే తలుపు తట్టకుండా నట్టింట్లోకి పోతావా?" ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు. "ఆమెకు దెబ్బ యాడ తగిలిందో సూసినావా? సూడకుండానే రాసేసినావు. నగరికి పో."

వెళ్లాను. మగ్గానికి నూలు చుట్టే పొడవాటి బీమును, ఖాళీదాన్ని, ఆమె ఒక కొస, నేనొక కొస పట్టుకుని సందు మూస్తే మిగిలే ఒకే దారిలో, ఇంట్లోంచి షెడ్డుకు తీసుకుపోబోయాం. వంటింటి మలుపులో అది గోడకు తగిలి ఆగిపోయింది.

"సూసినావా పాపా, నేనంటే ఎట్నో వంగి పోతాను. ఇది వంగదు," అని నవ్వింది.

ఆ కొలతలే పిటిషన్‌లో రాశాను. "అన్నదమ్ముల గొడవలో ఈమెకేం పని?" అన్నాడు అవతలి లాయరు. మేడమ్ బీము పొడవు, మలుపు వెడల్పు చదివి వినిపించారు. తీర్పు వల్ల ఆమెకు నష్టముందని జడ్జిగారు ఒప్పుకున్నారు. అప్పీలుకు అనుమతిచ్చి, అది తేలేదాకా గోడ కట్టొద్దన్నారు.

"గెలిసినామా?" వరండాలో అడిగింది మునెమ్మ.

"ఇంకా లేదు. తలుపు తీసినారంతే. లోపలికి పోయి సెప్పుకోవాల," అన్నారు మేడమ్.

"సాలమ్మా. నా మాట ఇంటామని ఒకరన్నా అన్నారు."

అప్పీలులో తర్వాత ఆమె గెలిచింది. నాకు మాత్రం ఆ వరండాయే ఎక్కువ గుర్తు.

పాప పుట్టాక పని మానేసి తిరుపతి వచ్చేశాను. వచ్చేరోజు మేడమ్ తన దబ్బనం నా చేతిలో పెట్టారు. తల్లినయ్యాక నాకు అన్నిటికీ భయమే. భయంలో తీర్పులు తొందరగా వచ్చేస్తాయి. ఈ రోజూ పుస్తకం చూడగానే పాప మీద అరిచేశాను. దబ్బనం చేతిలోకి తీసుకున్నాక ఆగి, "ఎందుకు చింపినావు? నాకు చూపించు," అన్నాను. పిడికిలి తెరిచింది. నలిగిన పేజీలో నర్సు, చేతిలో సూది. రేపు పొద్దున పాపకు టీకా.

"పోవద్దు మా," అంది.

పోక తప్పదు. ఆ మాటే చెప్పాను. కానీ ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని భయమంతా విన్నాక. ఈ పేజీ కుట్టనా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఆ పేజీని పక్కన పెట్టి, మిగతా పుస్తకం కుట్టాను.