బొమ్మల సినిమా, మా నాన్న లీవర్లు

మొన్న ఆదివారం మా అమ్మాయి నా గుండెల్లో గునపం దింపింది. ఇంట్లోకి కొత్తగా గోడంత టీవీ వచ్చింది (ఎంత పెద్దదంటే, అందులో వార్తలు చదివే ఆవిడ మా హాల్లో అద్దెకు దిగినట్టే ఉంటుంది). దాని మీద మొట్టమొదట ఏ సినిమా చూడాలన్న ప్రశ్న రాగానే, నేను రెప్పయినా వెయ్యకుండా ఆ బొమ్మల సినిమా పెట్టమన్నాను. అదేనండీ, మొదటి నుంచి చివరి దాకా కంప్యూటర్‌తోనే చేసిన తొలి సినిమా, మనుషులు గదిలోంచి వెళ్ళగానే ఆటబొమ్మలన్నీ లేచి తిరిగేది. పిల్లలకి చూపించే వంకతో మీరూ చూసే ఉంటారు, బుకాయించకండి. సినిమా ఇంకా కుదురుకోనే లేదు, మా అమ్మాయి ఫోన్‌లోంచి తల పైకెత్తి, "పాపా, కిత్నా పురానా లగ్తా హై! ఎంత పాతగా ఉందో! ఆ కుక్క చూడు, రబ్బరు చెప్పులతో చేసినట్టుంది" అనేసి, మళ్ళీ ఫోన్‌లోకి దిగిపోయింది.

నేను ఒప్పుకోను. మా ఊరి నది సువర్ణరేఖ వెనక్కి తిరిగి పారినా ఒప్పుకోను. ఆ కుక్క రబ్బరుదే అయితే అవనీ, మనుషుల మొహాలు ఉడకబెట్టిన బంగాళాదుంపల్లా ఉంటే ఉండనీ, ఆ సినిమా ఈ ఉక్కు ఊళ్ళో, మా బారిడీహ్ కంపెనీ క్వార్టర్లో చేసిన పని ఆ తరవాత వచ్చిన ఏ తళతళలాడే సినిమా ఏ ఇంట్లోనూ చేసి ఉండదు. మా నాన్న ఉద్యోగాన్ని నిలబెట్టింది అది. నవ్వుతున్నారా? నవ్వండి, కానీ చివరి దాకా వినండి.

తొంభైల ఆఖరు రోజులు. నేను కాలేజీలో చదువు వెలగబెడుతున్నాను. మా నాన్న రోలింగ్ మిల్లులో లీవర్ల మీద పనిచేసేవారు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మ రోలర్ల మధ్యకి వస్తుంటే, పైన ఇనుప గదిలో నిలబడి, మనిషి ఎత్తు లీవర్లను ఇటొకటి అటొకటి లాగుతూ దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి పట్టాలుగా సాగదీయించడం ఆయన పని. ఆయన చెప్పిన లెక్కన దేశంలో రైళ్ళు పట్టాల మీద నడవడానికి ఏకైక కారణం ఆయన కుడిచెయ్యి. ఆ మిల్లు హోరులో బతికిన గొంతు కాబట్టి, ఆయన మా వంటింట్లో ఉప్పు అడిగితే అల్లంత దూరాన కాసిడీహ్‌లో ఎవరో అందించబోయేవారు. రహస్యం చెప్పాలంటే కాలనీ అంతా తలుపులు వేసుకోవాల్సి వచ్చేది.

అలాంటి మిల్లులోకి ఒక అద్దాల గది వచ్చింది. ఏసీ గది, అందులో కంప్యూటర్లు, వాటి ముందు మా వయసు కుర్రాళ్ళు. లీవర్లు పీకేస్తారనీ, ఇకమీదట మిల్లంతా ఆ గదిలోంచే నడుస్తుందనీ తేలిపోయింది. పాతవాళ్ళకి రెండు దారులు చూపించారు: కూర్చుని కంప్యూటర్ నేర్చుకోవడం, లేదంటే ముందుగానే ఉద్యోగం వదిలి గౌరవంగా వెళ్ళిపోవడం. విశ్వకర్మ పూజ సెలవు కాగానే ఎవరి మాట వాళ్ళు ఆఫీసరుగారికి చెప్పాలి. నాన్న వెళ్ళిపోతే క్వార్టరు పోతుంది, నా చదువు మధ్యలో తెగుతుంది, శ్రీకాకుళం దగ్గర మా ఊళ్ళో పదిమందికి వాటా ఉన్న ఒక్క పెంకుటింట్లో మేం పదకొండోవాళ్ళమై చేరాలి.

పక్క క్వార్టర్లో ఉండే చాచా, నాన్నతో పాటు అదే మిల్లులో పనిచేసే ఛప్రా మనిషి, అప్పటికే వెళ్ళిపోతానని మాట ఇచ్చేశాడు. రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, "ఛోడ్ దో భాయ్, ఇజ్జత్ సే ఘర్ చలో" అని నాన్న చెవిలో ఊదేవాడు. గౌరవం పోకముందే ఇంటికి పోదామని చాచా గోల. నాన్నకి ఆ మాట మా చెడ్డగా నచ్చింది. "నాను లాగితే కొండలాటి ఇనుము కదిలీది. ఇప్పుడా టీవీ పెట్టె ముందు కూకుని, మీసాలు రాని గుంటల కాడ అఆలు దిద్దుకోవాలేటి?" అని గర్జించేవారు. అమ్మ మాత్రం అటక మీది ఇత్తడి గిన్నెలు దించి, తీసుకెళ్ళేవి ఒక పక్కా, ఎవరికైనా ఇచ్చేసేవి ఒక పక్కా పెట్టడం మొదలుపెట్టింది. నాన్న గర్జన కంటే ఆ గిన్నెల చప్పుడుకి నాకు ఎక్కువ భయం వేసేది.

పూజకు ముందు ఆదివారం, ఇల్లంతా ఇలా ఉడికిపోతుంటే, నేను సాక్చి బజార్లోని వీడియో షాపు నుంచి ఆ బొమ్మల సినిమా తెచ్చాను. గొప్ప ఉద్దేశమేమీ లేదు, షాపులో మిగతా డిస్కులన్నీ ఎవరో పట్టుకెళ్ళిపోయారు, అంతే. వీసీడీల కాలం, ఒక్కో సినిమాకి రెండు డిస్కులు, మొదటిది అయ్యాక లేచి రెండోది పెట్టాలి. ఆ డిస్కు మీద గీతలు చూస్తే దాని మీద ఎవరో అప్పడాలు ఒత్తినట్టుండేది. బనియన్‌తో తుడిచి, దేవుడికి దణ్ణం పెట్టి, ప్లేయర్లోకి తోశాను.

చూసేవాళ్ళం నేనూ, మా నాయనమ్మానూ. సినిమా ఇంగ్లీషు. కాలేజీ చదువు చూపించుకునే అవకాశం కదా అని నేను మాటమాటకీ అర్థం చెప్పబోతే నాయనమ్మ కసిరింది. "నువ్వు నోరు మూసుకుంటే నాకు అర్తమవుతాది రా" అంది. నిజంగానే అయింది. మనుషులు బయటికెళ్ళగానే బొమ్మలు లేచి నిలబడితే ఆవిడ కించిత్తు కూడా ఆశ్చర్యపోలేదు. "ఇందులో ఏటుంది ఇడ్డూరం? మరి మనం దసరాకి ఎందుకు పడుకోబెడతన్నాం?" అంది. మా ఇంట్లో దసరాకి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళం, నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఏటికొప్పాక లక్కబొమ్మలతో. ఆఖరి సాయంత్రం పెట్టెలో సర్దేముందు ఒక బొమ్మను మెల్లిగా పడుకోబెట్టి, జోల పాడి, అప్పుడు తక్కినవాటిని తియ్యాలి. మేలుకున్నవాళ్ళని పెట్టెలో కుక్కితే మహా పాపమని ఆవిడ సిద్ధాంతం. అంటే, సినిమావాళ్ళు కోట్లు పోసి కంప్యూటర్లతో కనిపెట్టింది మా నాయనమ్మకి పుట్టు వెంట్రుకలప్పటి నుంచీ తెలుసన్నమాట.

ఇంతలో నాన్న డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు పట్టుకుని వచ్చి, గుమ్మంలో కూర్చున్నారు. "కార్టూనేటి రా, గాడిదంత ఎదిగినావు" అని ఒక చురక వేసి, లేసులు కట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజు మా నాన్న కట్టినన్నిసార్లు ఈ భూమి మీద ఏ మనిషీ బూటు లేసు కట్టి ఉండడు. కడతారు, విప్పుతారు, మళ్ళీ కడతారు, కళ్ళు మాత్రం టీవీ మీదే. కథ మీకు తెలిసిందే. ఇంట్లో ఎప్పటి నుంచో రాజ్యమేలుతున్న పాత బొమ్మ ఉంటుంది. పుట్టినరోజుకి దీపాలూ రెక్కలూ ఉన్న కొత్త బొమ్మ వస్తుంది. మంచం మీద చోటు దానికి, మంచం కింద చోటు దీనికి. పాతది కుళ్ళుకుంటుంది, పోట్లాడుతుంది, కొత్తదాన్ని వదిలించుకోవాలని చూస్తుంది. గుమ్మంలో లేసు కదలడం ఆగిపోయింది. సరిగ్గా రెండు బొమ్మలూ ఇల్లు తప్పిపోయి చీకట్లో నిలబడ్డచోట మొదటి డిస్కు అయిపోయింది.

నేను లేవబోయేలోపు గుమ్మంలోంచి గర్జన వినిపించింది. "ఏటి సూత్తన్నావు గుడ్లప్పగించి? రెండోది ఎట్టు!"

రెండో డిస్కులో, కొత్త బొమ్మకి తాను గొప్ప వీరుణ్ణి కాననీ, అంగట్లో అమ్మే బొమ్మనేననీ తెలిసి కుప్పకూలిపోయినప్పుడు, నాన్న చాలా మెల్లిగా, అంటే మా వీధికి మాత్రమే వినపడేలా, "ఆడికీ బయమేనన్నమాట" అన్నారు. సినిమా అయ్యాకే లేసు ముడివేసి లేచారు. ఆ రోజు డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళారు. జన్మలో అది మొదటిసారి.

ఇక విశ్వకర్మ పూజ. ఆ రోజు ఈ ఉక్కు ఊళ్ళో యంత్రాలన్నీ ఆగుతాయి. మామూలు రోజుల్లో చీమని కూడా పోనివ్వని గేట్లు తెరిచి ఇంటిల్లిపాదినీ లోపలికి రానిస్తారు. మా అందరికీ ఆ ఒక్క రోజే నాన్నలు పనిచేసే చోటు చూసే భాగ్యం. లేతులు, క్రేన్లు, రోలర్లు, ఆఖరికి పానాలూ సుత్తులూ కూడా స్నానం చేయించుకుని, బంతిపూల దండలు వేసుకుని, బూందీ ప్రసాదం కోసం కూర్చున్నట్టుండేవి. మిల్లులో అందరికంటే పెద్దవాడు కాబట్టి సిందూరం పళ్ళెం నాన్న చేతిలో ఉండేది. ఆ యేడు తన లీవర్లకి బొట్టు పెడుతున్నప్పుడు, చాచా వెనకనుంచి "ఆఖరీ టీకా హై, జరా అచ్ఛే సే" అన్నాడు. ఇదే ఆఖరి బొట్టు, బాగా పెట్టమని. నాన్న పెట్టారు, కానీ పళ్ళెం కింద పెట్టలేదు. తిన్నగా అద్దాల గది వైపు నడిచారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

గది బయట చెప్పులు విడిచారు. లోపల పెద్ద కంప్యూటర్ ఒక్కటే ఆ రోజు కూడా మిణుకుమిణుకుమంటూ బుర్రున మోగుతోంది. నాన్న దాని చుట్టూ తిరిగి, మొహం ఎక్కడుందో వెతికారు. బొటనవేలు తెర మధ్యకి వెళ్ళబోతుంటే లోపలున్న కుర్ర ఇంజనీరు "అంకుల్, స్క్రీన్! స్క్రీన్!" అని ఎగిరి గంతేశాడు. అప్పుడు తెర పైన, ప్లాస్టిక్ అంచు మీద, అది కంప్యూటర్ నుదురని నిర్ణయించి, ఇంత బొట్టు పెట్టారు. దండ వేశారు. తరవాత ఆ కుర్రాడితో, "అన్నీ పడుకున్నాయి బాబూ. పండగపూట దీనొక్కదాన్నే మేలుకోబెట్టినారేటి? పాపం కదా" అంటూ, లీవరు లాగినంత జోరుగా గోడలోని ప్లగ్గును ఊడలాగేశారు. తెర చప్పున నల్లబడింది. పక్కనున్న గుడ్డ తీసి కప్పారు. జోల పాడలేదు గానీ, పాడినా నేను ఆశ్చర్యపోయేవాణ్ణి కాదు.

మర్నాడు ఆ కంప్యూటర్ లేవలేదు. లేచినా నీలం తెరతో ఏవేవో తిట్లు చదివి మళ్ళీ పడుకుంది. ఆఫీసరుగారు నాన్నని పిలిపించారు. లోపల ఏం జరిగిందో చాచా తరవాత మా అరుగు మీద నటించి చూపించాడు, కాబట్టి ఇందులో సగం కోతలున్నా అవి నావి కావు. ప్లగ్గు పీకింది ఎవరని ఆయన అడిగితే, నాన్న ఆ హాలంతా దద్దరిల్లేలా నేనేనని ఒప్పుకుని, పనిచేసేదాన్ని పండగరోజు పడుకోబెట్టకపోవడమే తప్పన్నారట. దానికి ఆఫీసరుగారు, "సులాయా తుమ్‌నే, తో జగాఓగే భీ తుమ్" అన్నారట. పడుకోబెట్టినవాడివి నువ్వే, లేపేవాడివీ నువ్వే అవ్వాలి, వెళ్ళి ఆ కుర్రాడి పక్కన కూర్చో అని. వెళ్ళిపోతానని చెప్పడానికే ఇంట్లోంచి బయల్దేరిన మనిషి, ఆ మధ్యాహ్నం దాకా ఆ కుర్రాడి పక్కన కూర్చుని, పెట్టెను లేపి గానీ లేవలేదు.

"మరి రేపు ఏటి సేత్తావు?" అని ఆ రాత్రి నాయనమ్మ అడిగితే, నాన్న అన్నం కలుపుతూ, "ఏటి సేత్తాను, ఎల్తాను. ఆ కుర్రోడికి మిల్లు తెలీదు, నాకా పెట్టె తెలీదు. ఇద్దరం బయపడుతూ కూకుంటాం" అన్నారు. అమ్మ లేచి వెళ్ళి ఇత్తడి గిన్నెలన్నీ తిరిగి అటక మీదకి ఎక్కించింది. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు నాదస్వరమే.

నాన్న రిటైరయ్యేదాకా ఆ అద్దాల గదిలోనే పనిచేశారు, కీబోర్డును సుత్తితో కొట్టినట్టు కొడుతూ. చాచా సామాను లారీకెక్కించుకుని ఛప్రా వెళ్ళిపోయిన సాయంత్రం, నాన్న ఆ సినిమా మళ్ళీ తెప్పించుకుని చూశారు. మొదటి డిస్కు అయిపోయింది. ఆ రోజు రెండోది పెట్టమనలేదు, పక్క క్వార్టరు తాళం కేసి చూస్తూ కూర్చున్నారు.

అందుకే ఎవరైనా వచ్చి, ఆ సినిమా గొప్పంతా అప్పట్లో కంప్యూటర్ వింత కొత్త కావడమేననీ, ఇప్పుడు పాతబడిపోయిందనీ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పాతబడటం గురించి తీసిన సినిమా ఎలా పాతబడుతుందండీ? ప్రతి యేడూ ఎవరో ఒకరు కొత్తగా మంచం కింద చేరుతూనే ఉన్నారు. ఇరవయ్యేళ్ళప్పుడు నేను రెక్కలున్న కొత్త బొమ్మ పక్షం. ఇప్పుడు నేను ఊరి పక్కన గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే పని చేస్తున్నాను. నేను తల గోక్కునే లోపల తనంతట తానే పది డ్రాయింగులు గీసి పడేసే కంప్యూటర్ బుర్ర ఒకటి మా ఆఫీసులోకి వచ్చింది. నేర్చుకుంటావా, వెళ్తావా అని నన్ను ఇంకా ఎవరూ అడగలేదు. ఈ రోజుల్లో అడగరు కూడా, అదే తేడా. మారింది అదొక్కటే కాదు. నాన్న కాలంలో కొత్తగా వచ్చినదానికి కూడా ఒక గది, ఒక పెట్టె ఉండేవి, పక్కన ఒక కుర్రాడు ఉండేవాడు. దీనికి ఏమీ లేవు. ఎక్కడుందని అడిగితే, క్లౌడ్‌లో, అంటే పైనెక్కడో మబ్బులో ఉందంటారు. పీకుదామంటే ప్లగ్గు లేదు, పడుకోబెడదామంటే రెప్పలు లేవు, బొట్టు పెడదామంటే నుదురే లేదు.

అయితే ఏం? ఈ విశ్వకర్మ పూజకీ సిందూరం పళ్ళెం నా చేతిలోనే ఉంటుంది, మా ఆఫీసులో అందరికంటే పెద్దవాణ్ణి నేనే. మెడ నొప్పెట్టినా సరే, మబ్బుల కేసి చూస్తూ నిలబడతాను గానీ, ఆ పళ్ళెం మాత్రం కింద పెట్టను.